కాండీ రాజ్యపు కోడండ్రు

ఇటీవల అమీరుపేట, పంజాగుట్ట వాడలలోని గృహములనుండి సింహళద్వీపమునకు యాత్ర వెడలు కుటుంబములు తఱచైనవి. విమానమెక్కిన కొలది గంటలలో కొలంబో చేరుదురు. అచ్చటినుండి కొండల నడుమనున్న కాండీ నగరమునకు పోయి, బుద్ధభగవానుని దంతమును పదిలపఱచిన మందిరమును దర్శించి, దాని చెంతనున్న సరస్సు గట్టున ఛాయాపటములు తీసికొని, తేయాకు పొట్లములతోను సుగంధద్రవ్యములతోను మరలి వత్తురు. ఆ సరస్సును త్రవ్వించిన రాజెవరో, తుదకు ఆయన యేమయ్యెనో, ఆయన పూర్వు లేభాష మాటలాడిరో తెలిసి చూచినవారు మాత్రము మిక్కిలి తక్కువ. తెలిసి చూచినచో ఆ సరస్సు మఱొక విధముగా కనబడును. కావున ఈ వ్యాసమును మన సోదరీమణుల కొఱకు వ్రాయుచున్నాము.

1739 మొదలు 1815 వఱకు కాండీ సింహాసనమును వరుసగా నధిష్ఠించిన నలుగురు రాజులును నాయకర వంశమువారు. మధుర నేలిన నాయకరాజుల బంధువర్గమునుండి వచ్చినవారు. విజయనగర చక్రవర్తుల ప్రతినిధులుగా దక్షిణమునకు పోయి, అచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబము లవి. రాణీ మంగమ్మ పేరు వినని తెలుగింటి ఆడుది యుండదు గదా. ఆమె యేలినదియు ఈ మధుర రాజ్యమునే. నాయకరులు మూలమున తెలుగువారు. తరములు గడచినకొలది తమిళము వారి వాడుకభాష యయ్యెను. సముద్రము దాటిన శాఖకు సింహళము కూడ తోడయ్యెను. వారు సింహళమునకు దండెత్తి పోలేదు, వర్తకమునకును పోలేదు. పెండ్లికూతుండ్రు ముందు నడువగా, వారి వెంట చుట్టములై పోయిరి. మగవారి కత్తివలన వచ్చిన సింహాసనములను చరిత్రలో మన మెన్నియో చదివితిమి. ఆడబిడ్డ పెండ్లివలన పుట్టినింటికి వచ్చిన సింహాసన మిది.

అట్లేల జరిగెను? సింహళద్వీపపు తీరము బహుకాలమునుండి ఒకరి తరువాత నొకరుగా పరదేశీయుల పాలగుచుండెను. 1505లో బుడతకీచులనబడు పోర్చుగీసువారు అడుగిడిరి. 1658 నాటికి వారిని డచ్చివారు వెడలగొట్టిరి. 1796లో డచ్చివారిని ఆంగ్లేయులు వెడలగొట్టిరి. తీరమునందలి కోట్టె రాజ్యమును, ఉత్తరమునందలి యాళ్ప్పాణ రాజ్యమును అంతరించినవి. అడవులును కొండలును కోటగోడలై కాపాడుటచేత కాండీ యొక్కటియే మిగిలెను. అయితే అచ్చటి ఆచారము ప్రకారము పట్టమహిషి రాజవంశపు కన్య కావలెను. రాజు కొలువులోనున్న ప్రభువుల కూతుండ్రు అందులకు తగరు. ద్వీపములో వేఱొక రాజవంశము లేకపోయెను. కావున కన్యలను సముద్రము దాటి మధుర సీమనుండి తెచ్చుకొనవలసి వచ్చెను. పదునేడవ శతాబ్దమున మొదలైన ఈ వియ్యము కొన్ని తరములు సాగెను.

వీర నరేంద్రసింహుడను రాజు 1739లో మరణించెను. మధుర రాణుల కడుపున ఆయనకు సంతానము లేదు. సింహళ స్త్రీ యొకతెవలన కలిగిన ఉనంబువె యను కుమారుడుండెను గాని, తల్లి రాజవంశీయురాలు కాదని అతనికి పట్టము దొరకలేదు. అప్పుడు రాణి సోదరుడు రాజయ్యెను. ఆయనయే శ్రీ విజయ రాజసింహుడు. మన యిండ్లలో బావమఱది యనిన వేళాకోళపు మాటలకు పాత్రుడు. కాండీలో బావమఱది సింహాసన మెక్కెను! ఆయనకును సంతానము లేకపోవుటచేత, 1747లో ఆయన రాణి సోదరుడైన కీర్తి శ్రీ రాజసింహుడు రాజయ్యెను. 1782లో ఈయన తమ్ముడు రాజాధి రాజసింహుడు, 1798లో రాణివాసపు బంధువైన కన్నసామి యను పదునెనిమిదేండ్ల యువకుడు శ్రీ విక్రమ రాజసింహుడను పేర పట్టాభిషిక్తులైరి. ఈ నలుగురిలో ముగ్గురు రాణివాసపు బంధుత్వముచేతనే రాజులైరి. పుట్టింటి నగలతోపాటు మెట్టినింటికి తన వంశపు అదృష్టమును గూడ కొనిపోయిన ఆ కన్యలలో పెక్కుర పేర్లు నేడు మనకు సులభముగా దొరకవు.

వచ్చినవారు తమ క్రొత్తయింటి ధర్మమును కాదనలేదు. పుట్టుకచేత శివకేశవుల నారాధించు కుటుంబమువాడై యుండియు, కీర్తి శ్రీ రాజసింహుడు సింహళమున బౌద్ధమతమును పునరుద్ధరించెను. ఆ కాలమునకు ద్వీపమున విధిగా ఉపసంపద పొందిన భిక్షువులే లేకుండిరి. ఆయన సయాము దేశమునకు దూతలనంపి, 1753లో ఉపాలి యను స్థవిరుని రావించి భిక్షుసంఘమును మరల నిలిపెను. నేటికిని సింహళమున 'సియం నికాయ' మను పేర నడచుచున్న సంఘ మదియే. ఆషాఢ శ్రావణములలో కాండీ వీథులలో ఏనుగులతో సాగు గొప్ప ఉత్సవమున దంతధాతువు ముందు నడువగా దేవతల ఊరేగింపులు దాని వెంట సాగు క్రమము ఈయన కాలముననే యేర్పడెను. మెట్టినింటి ఆచారమును పుట్టినింటి ఆచారముకంటె శ్రద్ధతో నడపిన కోడలివలె ఈ వంశమువారు మెలగిరి.

అయినను కాండీ ప్రభువుల మనసులలో ఒక మాట చావలేదు. ఆ మాట 'పరాయివారు'. రాణుల పుట్టింటి చుట్టములు నగరమున నొక ప్రత్యేక వీథిలో నివసించుచుండిరి. వారి అలవాట్లు వేఱు, పండుగలు వేఱు. ప్రభువులలో కొందఱు వారివద్ద అప్పులు పడియుండిరని చరిత్రకారులు వ్రాసిరి. అప్పిచ్చినవానిమీద ప్రేమ యెవరికుండును? సఖ్యముగా నున్న దినములలో ఈ రాజులు సూర్యవంశజులనియు, బుద్ధధర్మ రక్షకులనియు కొనియాడబడిరి. విరోధము కలిగిన దినమున సముద్రము దాటి వచ్చిన అన్యులైరి. 1760లోనే కీర్తి శ్రీ రాజసింహుని చంపుటకు కుట్ర జరిగి విఫలమయ్యెను. ఎన్నేండ్లు కాపురము చేసినను కోపము వచ్చిన క్షణమున కోడలిని 'పరాయింటి పిల్ల' యని యెత్తిపొడుచు అత్తగారి వాడుకకును దీనికిని భేదమేమియో మాకు తోచలేదు.

శ్రీ విక్రముని సింహాసనమెక్కించినవాడు పిలిమతలావె యను మొదటి అదిగారు. అదిగారు అనగా ప్రధానమంత్రి; మన 'అధికారి' పదమునకు దగ్గఱి మాట. లోకజ్ఞానములేని యువకుని రాజుచేసినచో అధికారమంతయు తనచేతిలోనే యుండుననియు, తరువాత ఆ సింహాసనము గూడ తనదగుననియు అతని ఆలోచన. అందులకై తీరమునందలి ఆంగ్లేయ గవర్నరు ఫ్రెడరిక్ నార్తుతో రహస్యముగా మంతనములు సాగించెను. మఱియొకవైపు, పట్టముదక్కని ముత్తుసామి యను నాయకర రాజబంధువు ఆంగ్లేయుల శరణు చొచ్చెను. ఇంటి తగవు వీథికెక్కిన తరువాత దారినిపోవువాడు తీర్పుచెప్పక మానునా?

1803లో ఆంగ్లేయ సైన్యము కాండీ ప్రవేశించెను. రాజు నగరమును విడిచి అడవులలోనికి తొలగెను. ముత్తుసామిని రాజుగా నిలిపి, కొంత సైన్యము నుంచి, తక్కినవారు మరలిపోయిరి. కాని కొండజ్వరము పట్టి సిపాయిలు మూలబడిరి, ధాన్యము దొరకలేదు, జూన్ మాసమున కాండీవారు చుట్టుముట్టగా, మేజరు డేవీ యను సేనాని లొంగిపోయెను. ఆంగ్లేయులు తాము నిలిపిన ముత్తుసామిని తామే అప్పగించిరి, అతడు చంపబడెను. మహావేలి నదియొడ్డున సైనికులు పెక్కురు, ఆసుపత్రిలో మంచముపట్టియున్న రోగులు సైతము హతులైరి. ఈ పరాభవమును ఆంగ్లేయులు మఱువలేదు. అయితే కొండలనెక్కి గెలుచుట కష్టమని తెలిసికొనిరి. కొండలమీది మనుష్యులను లోబఱచుకొనుట సులభమని గూడ తెలిసికొనిరి.

ఈ రెండవ కార్యమునకు తగినవాడు జాన్ డాయిలీ. ఈ ఆంగ్లేయ ఉద్యోగి సింహళభాషను చక్కగా నభ్యసించి, కొలంబోలో కూర్చుండి, భిక్షువుల ద్వారమునను, వర్తకుల ద్వారమునను కాండీలోని ప్రతి గుసగుసను సేకరించుచుండెను. ఏ ప్రభువునకు రాజుపై కోపమో, ఎవరికి ఏ ఆశ యున్నదో దినచర్యలో వ్రాసికొనుచుండెను. ఇటు రాజు నానాటికి అనుమానపు మనిషి యయ్యెను. దంతమందిరము చెంత అష్టకోణ మంటపమును కట్టించి, పొలములుండిన చోట సరస్సును త్రవ్వించెను. కంటికి ఇంపైన ఆ పనులు వెట్టిచాకిరి చేసిన ప్రజలకు బరువయ్యెను. పిలిమతలావె కుట్ర బయటపడి 1811లో శిరచ్ఛేదమును పొందెను. అతని స్థానమున ఎహెలెపొల యనువాడు మొదటి అదిగారయ్యెను.

ఇక వ్రాయవలసిన భాగము కష్టమైనది. కాండీలో ఒక ఆచారముండెను. సీమల నేలుటకు పోవు ప్రభువులు తమ భార్యాపుత్రులను రాజధానిలో ఉంచిపోవలెను. పైకి గౌరవమే, నిజమునకు ఆ స్త్రీలును బిడ్డలును భర్తల విశ్వాసమునకు తాకట్టు. 1814లో ఎహెలెపొల తాను పాలించు సబరగమువ సీమలో రాజుమీద తిరుగబడి, ఓడిపోయి, ఆంగ్లేయుల యొద్దకు పాఱిపోయెను. భార్యయు బిడ్డలును కాండీలో చిక్కిరి. ఆ మే మాసమున రాజు వారికి మరణదండన విధించెను. తల్లి యెదుటనే బిడ్డలను వధించిరి. భయపడి తల్లిని కఱచుకొనిన అన్నను వెనుకకు నెట్టి, మద్దుమ బండార యను చిన్నవాడు తానే ముందునకు వచ్చి, చావనెట్లో నేను చూపెదనని తల నొగ్గెనని సింహళ దేశమున నేటికిని చెప్పుకొందురు. పిదప ఆ తల్లిని, కుమారిహామిని, బోగంబర చెఱువులో ముంచి చంపిరి. రోటిలో తన బిడ్డల తలలను తనచేతనే దంపించిరని కూడ జనశ్రుతి కలదు. ఆమె చేసిన నేరమేమి? భర్త రాజద్రోహి యగుట. భర్త చేసిన నేరమునకు ఆమె సమ్మతిని అడిగినవారు లేరు. పాఱిపోవునప్పుడు భర్తయు అడుగలేదు, శిక్షించునప్పుడు రాజును అడుగలేదు.

ఈ ఘోరమును చూచి కాండీ నగరమంతయు కన్నీరు కార్చెనని అనంతరము వ్రాసిన ఆంగ్లేయ గ్రంథకర్తలు చెప్పిరి. అది నిజమే యగును. కాని ఆ కన్నీటిని తుడుచుటకు వచ్చినవారి చేతిలో నున్నది తుడుపుగుడ్డ కాదు, దేశపటము. 1815 జనవరిలో గవర్నరు రాబర్టు బ్రౌన్‌రిగ్ యుద్ధము ప్రకటించెను. ఈ యుద్ధము ప్రజలమీద కాదనియు, క్రూరుడైన రాజుమీద మాత్రమే యనియు చాటింపించెను. ఎహెలెపొల దారిచూపుచు సైన్యము వెంట వచ్చెను. ప్రభువులు ఒక్కొక్కరే ప్రక్కకు తొలగిరి. చెప్పదగిన యుద్ధమే జరుగలేదు. ఫిబ్రవరి 14వ తేదీన సైన్యము కాండీ చేరెను. 18వ తేదీన మేదమహనువర సమీపమున నొక యింట దాగియున్న రాజు పట్టుబడెను. పట్టినవారు ఆంగ్లేయులు కారు. ఎహెలెపొల పక్షపు సింహళీయులే. వారు రాజును కట్టివేసి దోచుకొనిరి. వెంటనున్న రాణుల చెవులనుండి ఆభరణములను లాగిరని అక్కడనుండిన దుబాసీ వ్రాసియుంచెను. ఆ రాణులలో నొకరి పేరు వెంకట రంగమ్మాళ్. ఆ పేరే ఆమె పుట్టినిల్లును చెప్పుచున్నది. కుమారిహామి యొకవైపు, వెంకట రంగమ్మాళ్ మఱొకవైపు. ఇరువురి భర్తలును పరమశత్రువులు. మగవారి రాజకీయమునకు చెల్లించిన వెల మాత్రము ఇరువురిది.

1815 మార్చి 2వ తేదీన కాండీ సభామంటపమున ఒక ఒడంబడిక చదువబడెను. అందు 12 నిబంధనలు. రాజు పదభ్రష్టుడయ్యెనని ఒక నిబంధన. రాజుబంధువులైన 'మలబారు' జాతి పురుషులకు సింహాసనముపై హక్కులేదు, అనుమతి లేక కాండీ సీమలలో అడుగిడినచో మరణదండన యని మఱొకటి. దక్షిణ భారతమునుండి వచ్చినవారిని ఆ కాలపు ఆంగ్లేయులు ఆ పేర పిలుచుచుండిరి. రాజ్యాధికారము ఆంగ్లేయ చక్రవర్తికి చెందును, ప్రభువుల హక్కులు వారికుండును, బుద్ధధర్మమునకు భంగము రాదు, హింసాత్మకమైన శిక్షలుండవు, ఇట్లు సాగెను. చదువరు లొక్క క్షణము ఆలోచింపవలెను. నాయకర రాజులు ఆ సింహాసనముపై నుండి 76 ఏండ్లయ్యెను. వారి ఆడుబిడ్డలు ఆ కొండలకు కోడండ్రై వచ్చి అంతకంటె ఎక్కువకాలమయ్యెను. ఆంగ్లేయులు ఆ ద్వీపమున కాలూని 19 ఏండ్లు. 19 ఏండ్లవారు 76 ఏండ్లవారిని పరాయివారని వెడలగొట్టుచున్నారు. ఇంటివారు చేవ్రాలు చేయుచున్నారు! ఆ మాటను ఆంగ్లేయులు క్రొత్తగా పుట్టింపలేదు. కాండీ కొలువులో తరములుగా పదునుపెట్టి ఉంచిన కత్తినే చేతికి తీసికొనిరి.

ఒడంబడిక పిదప కాండీలో ఆంగ్లేయుల పక్షమున రెసిడెంటుగా నిలిచినవాడు ఆ జాన్ డాయిలీయే. రెసిడెంటు అను మాట హైదరాబాదు స్త్రీలకు క్రొత్తది కాదు. శ్రీ విక్రముడు పట్టమెక్కిన 1798లోనే మన నిజామ్ అలీఖాన్ ఆంగ్లేయ కంపెనీతో సైన్యసహకారపు సంధి చేసికొనెను. అమీరుపేట మెట్రో స్టేషనులో రెండు మార్గములు కలియును. ఒక బండి యెక్కిన బేగంపేట మీదుగా సికింద్రాబాదు చేరుదుము. సంధి ప్రకారము కంపెనీ సైన్యము విడిసినది అచ్చటనే. మఱొక బండి యెక్కిన పంజాగుట్ట, ఎఱ్ఱమంజిల్ దాటి కోఠీవైపు పోవుదుము. రెసిడెంటు భవనము నిలిచినది అచ్చట. ఒక ప్రక్క సైన్యము, ఒక ప్రక్క రెసిడెంటు. వాని నడుమ నిజామునకు సింహాసనము మిగిలెను. ఆ సైన్యపు వెచ్చమునకై 1800లో బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలు దత్తమండలములై కంపెనీకి పోయినవి. 1853లో బేరారు చేయిదాటెను. కాండీ ఒక్కదినమున మ్రింగబడెను; హైదరాబాదు ముక్కముక్కగా కొఱుకబడెను. వెనుకటి కాలమున రెసిడెన్సీ నిర్మింపించిన కిర్క్‌పాట్రిక్ మన నగరపు ఖైరున్నీసా బేగమును పెండ్లాడెను. వారి యిరువురు బిడ్డలను 1805లో సీమకు పంపివేయగా, ఆ తల్లి మరల వారిని చూడలేదు. ఇచ్చటను తల్లిదే నష్టము. అయితే కాలము మాఱినది. 1949 నుండి ఆ భవనము ఆడపిల్లల కళాశాల యయ్యెను; నేడు చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయము.

మరల కాండీకి పోవుదము. పరాయిరాజు పోయినచో రాజ్యము తమదగునని తలచిన ప్రభువులకు దక్కినదేమి? ఎహెలెపొల తనకు కిరీటము వచ్చునని ఎదురుచూచెను. ఆంగ్లేయ ప్రభుత్వమునకు మిత్రుడను బిరుదు వచ్చెను. రెండేండ్లు గడవకమునుపే ప్రజలకు సంగతి తెలిసెను. 1817లో ఊవ సీమ తిరుగబడెను. ఆ తిరుగుబాటునకు నాయకుడైనవాడు తాను దొరైసామి యను నాయకర రాజబంధువునని చెప్పుకొనెను. నిజమున కతడు విల్బావె యను సింహళీయుడు. ప్రజలను కూడగట్టుటకు ఒక సింహళీయుడు నాయకరునిగా వేషము వేయవలసివచ్చెను! ప్రభువులకు పరాయివారైనవారు ప్రజలకు అంతగా పరాయివారు కారని దీనివలన తేలును. తిరుగుబాటును అణచుటకు పంపబడిన కెప్పెటిపొల యను ప్రభువు తానును తిరుగుబాటుదారులతో చేరిపోయెను. ఊవ సీమలోని పంటలు, పల్లెలు కాల్చబడెను. 1818 నవంబరు 26వ తేదీన కెప్పెటిపొల శిరచ్ఛేదమును పొందెను. ప్రభువులకు కాగితముమీద నిచ్చిన హక్కులు కొత్త చాటింపుతో కోసివేయబడెను. ఎహెలెపొలను 1818లోనే నిర్బంధించి, 1825లో మారిషసు ద్వీపమునకు పంపిరి. 1829లో అక్కడనే కన్నుమూసెను. ఆలుబిడ్డలను బలియిచ్చి తెచ్చిన కొత్తదొరతనము అతనికి సొంతగడ్డపై చావునైన నీయలేదు.

రాజును, రాణులను, బంధుజనమును 1816 జనవరిలో ఓడనెక్కించి చెన్నపట్నమునకును, అందుండి వేలూరు కోటకును తరలించిరి. వైద్యముకొఱకు వేలూరు పోవు తెలుగు కుటుంబము లనేకములు కలవు. ఆ కోట వారెఱిగినదే. టిప్పు సుల్తాను కుటుంబమును ఉంచినది ఆ కోటలోనే. 1806 నాటి సిపాయిల తిరుగుబాటు తరువాత వారిని కలకత్తా పంపివేసిరి. ఖాళీయైన చెఱలోనికి పదేండ్లకు కాండీ రాజు వచ్చెను. పెండ్లికూతుండ్రై సముద్రము దాటిపోయిన ఆడుబిడ్డల వంశము బందీలై సముద్రము దాటి మరలివచ్చెను. శ్రీ విక్రముడు 16 ఏండ్లు అచ్చటనే గడపి 1832 జనవరి 30వ తేదీన మరణించెను. పాలారు గట్టున ఆయన సమాధియున్న ముత్తుమంటపమును నేటికిని చూడవచ్చును. ఆయన సింహాసనము ఇంగ్లండునకు పోయి, 1934లో సింహళమునకు తిరిగివచ్చి కొలంబో వస్తుప్రదర్శనశాలలో నున్నది. 1948 ఫిబ్రవరి 4వ తేదీన ద్వీపము స్వతంత్రమైనప్పుడు ఎగురవేసినది కాండీ రాజుల సింహధ్వజమునే.

ద్వీపరాజ్యములు ఈ విధముగా అంతరించుట కాండీతో ఆగలేదు. మడగాస్కరు ద్వీపమును 1896లో ఫ్రెంచివారు కలుపుకొని, మఱుసటియేడు మూడవ రనవలోన రాణిని ప్రవాసమునకు పంపిరి. ఆమె 1917లో అల్జీర్సు నగరమున మరణించెను. పసిఫిక్ సముద్రమునందలి హవాయి రాజ్యమున, అమెరికా సంతతికి చెందిన చెఱకుతోటల యజమానులును వర్తకులును 1893లో లిలియుఒకలాని రాణిని పదభ్రష్టురాలినిచేసిరి. 1898లో అమెరికా ఆ ద్వీపములను కలుపుకొనెను. అయితే అచ్చట ఒక విశేషము. కలుపుకొనవద్దని 1897లో 21,000కు పైగా ప్రజలు చేవ్రాళ్లుచేసి విన్నపము పంపిరి. దీవిదీవికి తిరిగి చేవ్రాళ్లు సేకరించినవారిలో స్త్రీల సంఘమువారు ముందుండిరి. అప్పటికి విలీనపు ఒప్పందము ఆగెను. మఱుసటియేడు వేఱు దారిన అమెరికా తన పని నెఱవేర్చుకొనెను. నూఱేండ్లకు, 1993లో, జరిగినది అక్రమమని అమెరికా శాసనసభ క్షమాపణ తీర్మానము చేసెను. ఆ క్షమాపణకు ఆధారమైన సాక్ష్యములలో ఆడువారు ఇల్లిల్లు తిరిగి తెచ్చిన ఆ కాగితములును చేరదగినవి. కాండీ స్త్రీలకు అట్టి కాగితము పట్టు అవకాశమైనను లేకపోయెను.

శ్రీ విక్రముడు మూలమున మనవాడని చెప్పి ఆయన చేసిన క్రూరత్వమును కప్పిపుచ్చుట మా యుద్దేశము కాదు. కుమారిహామి బిడ్డల రక్తము ఏ వంశాభిమానముచేతను కడుగబడదు. కాని ఒక రాజు క్రూరుడగుటకు విరుగుడు రాజ్యమునే అన్యులకు అప్పగించుట కాదు. అత్త కఠినురాలని యిల్లు అమ్ముకొనువా రుందురా? కాండీ ప్రభువులకు తమ రాజుతో తగవు తీర్చుకొను నేర్పు లేకపోయెను. పరాయివారను మాట మాత్రము నాలుకచివర నుండెను. ఆ మాట తెఱచిన తలుపుననే నిజమైన పరాయివాడు లోనికి వచ్చెను.

ఈ సంగతి రాజులకే గాక గృహములకును, వీథులకును వర్తించును. అమీరుపేటలో నేడు వసతిగృహముల నిండుగా పలుజిల్లాల ఆడపిల్లలు చదువులకై వచ్చి యున్నారు. పంజాగుట్టలో ఒకే మేడలో నాలుగుభాషల కుటుంబములు కాపురముండును. మన కుమారుల భార్యలు ఏ దూరపు ఊరినుండియో వచ్చినవారు. మన కుమార్తెలు ఏ దూరపు ఊరికో పోయినవారు. ఎన్నియేండ్లకు వచ్చినవారు మనవారగుదురో లెక్కవేయు అలవాటును మనము మానుకొనవలెను. 76 ఏండ్లును చాలలేదని కాండీవారు లెక్కవేసిరి. ఆ లెక్కకు 133 ఏండ్ల పరపాలన వడ్డీగా చెల్లించిరి.

1815 నాటి ఆ పండ్రెండు నిబంధనల క్రింద ఎందఱో మగవారి చేవ్రాళ్లున్నవి. వెంకట రంగమ్మాళ్ పేరు అందు లేదు, కుమారిహామి పేరు లేదు, మధురనుండి పల్లకీలలోను ఓడలలోను వెడలి మరల పుట్టిల్లు చూడని ఆ తొలి కోడండ్ర పేర్లును లేవు. మన పిల్లలు పాఠశాలనుండి చరిత్రపుస్తకము తెచ్చి రాజుల పేర్లు వల్లించునప్పుడు, 'ఆ రాజుగారి తల్లి ఎవరు నాయనా? రాజ్యము పోయినప్పుడు రాణి యేమయ్యెను?' అని మన మడుగుదము. సమాధానము పుస్తకములో దొరకకపోయినను, ఆ ప్రశ్న బిడ్డ మనసులో మిగులును.